మొదటి కన్ను

కళ్ళ కాలేజీ మొదటి అంతస్తు, కాంటాక్ట్ లెన్స్ ల్యాబ్. పొద్దున పది దాటింది. బల్లకి ఒకవైపు శాఖ పెద్ద మేడమ్, రెండోవైపు ఆమె దగ్గర రెండేళ్ళుగా పాఠాలు చెబుతున్న కుర్ర టీచరు.

“ఇదిగో, ఇక్కడ. నీ పేరు కింద. నీలం ఇంకుతోనే పెట్టాలట, నల్లది పనికిరాదట.”

“పెడతాను మేడమ్.”

“పెడతాను కాదు, పెట్టు. స్కాన్ చేసి పంపాలి, పన్నెండింటికల్లా ఆ బహుమతి ఇచ్చేవాళ్ళకి చేరాలి. చేరకపోతే జాబితాలో నీ తర్వాత ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తారు. కింద చిన్నక్షరాల్లో ఉంది చూడు.”

“చూశాను.”

“ఎన్ని దేశాల నుంచి రాశారో తెలుసా? మన కాలేజీ పేరు విన్నవాళ్ళు అక్కడ ఒక్కళ్ళుండరు. టీచరుగా చేరి ఐదేళ్ళు నిండనివాళ్ళు, లెన్స్ పాఠం చెప్పేవాళ్ళు, అంతమందిలోంచి పదకొండు మందిని తీశారు. అందులో నువ్వు. రానూపోనూ టికెట్టు, ఉండటానికి గది, నాలుగు రోజుల సభ, రెండో రోజు నీ పాఠం. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను పక్క ఊరి సెమినారుకి బస్సులో వెళ్ళొచ్చిందే గొప్ప.”

“మేడమ్, ముందొక మాట...”

“ప్రిన్సిపాల్ పొద్దున్నే ఫోన్ చేశాడు. తనంతట తాను నాకు ఫోన్ చేయడం ఇదే మొదలు. ‘మీ ల్యాబు ఎక్కడికీ పోదులెండి’ అన్నాడు. పోయిన నెల ఇదే మనిషి గది ఖాళీ చేయండి, కంప్యూటర్లు పెట్టుకోవాలి అన్నాడు. గుర్తుందా?”

“గుర్తుంది.”

“మరి ఆ మొహమేంటి, అట్లా వేలాడేశావు?”

“నేను వెళ్ళలేను మేడమ్.”

“విమానమంటే భయమా? కళ్ళు మూసుకుని కూర్చో, అదే దిగుతుంది.”

“భయం కాదు.”

“ఇంట్లో వద్దన్నారా? మీ అత్తగారితో నేను మాట్లాడతాలే.”

“మా అత్తగారే అటక మీద సూట్‌కేసు దింపించి ఎండలో పెట్టారు.”

“మరింకేం వచ్చింది నీకు?”

“టపటప.”

“ఏంటది?”

“రెండో సంవత్సరం పిల్ల మేడమ్. రెప్పలు ఊరికే కొట్టుకుంటూ ఉంటుంది, క్లాసంతా అట్లా పిలుస్తారు. ఆస్పత్రిలో చేరి తొమ్మిది రోజులైంది.”

“ఆఁ, కన్ను ఎర్రబడిందన్నారు. ఇంకా తగ్గలేదా?”

“నిన్న సాయంత్రం చూసొచ్చాను. నల్లగుడ్డు మీద పువ్వు వేసింది. తెల్లగా, గుండ్రంగా. ఉంగరంలా.”

“ఉంగరంలానా?”

“ఉంగరంలా.”

“సరిగ్గా చూశావా?”

“టార్చి వేసి చూశాను. వెయ్యగానే కేక పెట్టింది. కన్ను చూస్తే మరీ అంత ఎర్రగా లేదు. నొప్పి మాత్రం దానికి పదింతలు ఉంది.”

“లెన్స్‌కి నీళ్ళు తగిలాయి.”

“మీరే అన్నారు. నేననలేదు.”

“ఎవరైనా అదే అంటారు. నీళ్ళలో ఉండే పురుగు అది. లెన్స్ కింద చేరిందంటే లోపల్లోపల తినేస్తుంది. డాక్టరు అడగలేదా పిల్లని?”

“మూడుసార్లు అడిగారట. లెన్స్‌కి గానీ అది ఉంచే డబ్బీకి గానీ కుళాయి నీళ్ళు తగిలాయా అని. తగల్లేదంది. స్నానమప్పుడు తీసేశానంది. పడుకునేటప్పుడు తీసేశానంది. దాంతో ఆయన ఇది మామూలు క్రిమి అనుకుని దానికి మందు వేస్తున్నారు. తొమ్మిది రోజులుగా.”

“పిల్లే తగల్లేదంటుంటే మధ్యలో నువ్వెందుకు ప్రయాణం మానుకోవడం? పాపం అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. వెళ్ళి చూడు, పళ్ళు ఇచ్చిరా. దానికీ దీనికీ...”

“వీడియో చూడండి మేడమ్.”

“ఏ వీడియో? మనం వాళ్ళకి పంపిందేగా. పదిసార్లు చూశాను.”

“వాళ్ళకి పంపింది కాదు. పిల్లల గ్రూపులో పెట్టింది.”

“రెండూ ఒకటే కదా.”

“ఒకసారి చూడండి. రెండో నిమిషం నుంచి.”

“ఏదీ, ఇటు తిప్పు, కళ్ళజోడు పెట్టుకోనీ... చేతులు కడుక్కున్నావు. తుడుచుకున్నావు. పిల్ల నీ కంట్లోంచి లెన్స్ తీసింది. బాగుంది. వాళ్ళు మెచ్చుకున్నది ఇదే. ‘విద్యార్థి వేలు మొట్టమొదట తాకే కన్ను టీచరుదే కావడం మేమెక్కడా చూడలేదు’ అని రాశారు. చదివి ఏడుపొచ్చింది నాకు... ఆఁ, డబ్బీ. డబ్బీని కుళాయి కింద పెట్టావు. ఇది తప్పు చూపించే ముక్క. ఇక్కడ ఎర్రక్షరాలు రావాలి కదా, ఇలా చేయకూడదు అని.”

“రావు.”

“వెనక్కి తిప్పు.”

“ఎన్నిసార్లు తిప్పినా రావు మేడమ్.”

“ఎందుకు రావు? నేనే కూర్చుని తప్పులు దిద్దాను ఆ అక్షరాలకి.”

“వాళ్ళకి పంపిన దాంట్లో ఉన్నాయి. మొదట తీసినప్పుడు నా గొంతు ఉంది. ‘ఇది తప్పు, ఇలా ఎప్పుడూ చేయొద్దు’ అని నేనే చెప్పాను. మన మాట వాళ్ళకి అర్థం కాదని గొంతు తీసేసి సంగీతం పెట్టాం. అక్షరాలు మర్నాడు ఎక్కించాం. మధ్యలో ఒక ఫైలు మిగిలింది. గొంతూ లేదు, అక్షరాలూ లేవు. పిల్లలకి అది వెళ్ళింది.”

“ఎవరు పంపారు?”

“నేనే. ‘పిల్లలకి పంపావా, ప్రాక్టికల్స్ దగ్గరికొస్తున్నాయి’ అని మీరు అడిగారు ఆ రోజు. బస్సెక్కుతూ పంపాను. రెండు ఫైళ్ళకీ ఒకటే పేరు, చివర అంకె తేడా.”

“ఎప్పుడు?”

“ఇరవై నాలుగు రోజులైంది. నిన్న ఆస్పత్రి నుంచి ఇంటికొస్తూ తెరిచాను. అంతవరకూ ఒక్కసారి కూడా తెరవలేదు మేడమ్. నా చేతులు నేనేం చూసుకుంటానని.”

“మిగతా పిల్లలు?”

“గ్రూపులోంచి వీడియో తీసేశాను. ప్రాక్టీసుకి పెట్టుకునే లెన్సులు, డబ్బీలు అన్నీ పారేయమన్నాను, ఎవరికైనా కన్ను మంటగా ఉంటే చెప్పమన్నాను. అందరూ బాగున్నామని రాశారు.”

“బతికాం. పోనీలే, ఒక్క పిల్లతో...”

“ఒక్క పిల్ల మేడమ్.”

“నేనట్లా అనలేదు.”

“అన్నారు.”

“అన్నాను. ఏదో నోరు జారింది. నీళ్ళివ్వు... ఆ సీసా. సరే. ఆగు. నన్నొక్క నిమిషం ఆలోచించనీ. ఇప్పుడు నువ్వేం చేద్దామనుకుంటున్నావు?”

“డాక్టరుకి చెప్తాను. తర్వాత ఆ బహుమతి ఇచ్చినవాళ్ళకి రాస్తాను. ఈ పాఠం వల్ల ఒక పిల్లకి కన్ను పాడైంది, నాకు వద్దని.”

“రెండోది ఎందుకు? డాక్టరుకి చెప్పు, న్యాయం. వాళ్ళకెందుకు? వాళ్ళకి పంపిన దాంట్లో తప్పు లేదు కదా.”

“నాలో ఉంది కదా.”

“నీలో ఉంటే నీలో పెట్టుకో తల్లీ. ఊరంతా చాటింపు వేస్తే ఆ పిల్లకి చూపొస్తుందా? ఈ గది పోతుంది. ‘లెన్స్ క్లాసులో పిల్ల కన్ను పోయిందట’ అన్న మాట ప్రిన్సిపాల్ చెవిన పడిందా, సాయంత్రానికి తాళం వేయిస్తాడు. నెలకి నలభై మంది వస్తారు మన దగ్గరికి, నల్లగుడ్డు శంకులా సాగిపోయినవాళ్ళు. కళ్ళజోడు ఆనదు, ఆపరేషన్‌కి స్తోమత లేదు. లెన్స్ పెట్టుకుంటేనే వాళ్ళకి లోకం. ఆ టైలరమ్మ సూదిలో దారం ఎక్కించి నా చేతులు పట్టుకుని ఏడ్చింది ఈ కుర్చీలోనే. వాళ్ళనెక్కడికి పొమ్మంటావు?”

“ఏమో మేడమ్. నాకు తెలీదు.”

“నాకూ తెలీదు. అందుకే చెప్తున్నా. డాక్టరుకి నేను ఫోన్ చేస్తాను. నీళ్ళు తగిలి ఉండొచ్చని మాకు అనుమానంగా ఉందండీ, దానికి మందు మొదలుపెట్టండి అంటాను. ఆయనకి కావలసింది అంతే. వీడియో మాట ఎత్తక్కర్లేదు. పిల్లకి మందు పడుతుంది, నువ్వు విమానం ఎక్కుతావు, గది ఉంటుంది.”

“అది అబద్ధం కదా.”

“అబద్ధం కాదు. నిజంలో సగం.”

“సగం పాఠం పంపేగా ఇంత చేశాను.”

“నోరు మూసుకుని కూర్చో కాసేపు. నంబరు చెప్పు... మోగుతోంది... హలో, నమస్కారం డాక్టరుగారూ, కాలేజీ నుంచి, లెన్స్ విభాగం. మా పిల్ల ఒకమ్మాయి మీ వార్డులో... ఆఁ, అవునండీ, ఆ అమ్మాయే. ఆ ఉంగరం సంగతి విన్నాను... అవును. నేను కూడా అదే అనుకున్నా. అందుకే చేశాను. ఇక్కడ హాస్టల్లో డబ్బీ కడగడానికి కుళాయి నీళ్ళు వాడి ఉండొచ్చని మా అనుమానం... ఎందుకంటే... ఎందుకంటే పిల్లలు కదండీ... అవును, అడిగారని తెలుసు... లేదండీ, చూసినవాళ్ళు లేరు... ఓహో... ఎన్ని రోజులు పడుతుంది... అంతవరకూ ఆగగలదా కన్ను?... అర్థమైంది. సరేనండీ. కనుక్కుంటాను. మళ్ళీ చేస్తాను.”

“ఏమన్నారు?”

“మొదలుపెట్టనన్నాడు.”

“ఎందుకని?”

“ఆ మందు కన్నుకి విషంలాంటిదట. గంటకోసారి చొప్పున నెలలు నెలలు వేయాలట. ఊరికే అనుమానం మీద, అదీ పిల్ల మూడుసార్లు కాదన్నాక, వేయలేనన్నాడు. కన్ను గీకి పరీక్షకి పంపితే మొదటిసారి ఏమీ దొరకలేదట. రెండోది రావడానికి ఇంకో ఐదు రోజులు.”

“ఐదు రోజులు ఆగుతుందా?”

“ఆగదు.”

“మరి?”

“పిల్ల అవునంటే ఈ గంటలోనే మొదలుపెడతానన్నాడు.”

“నేను చెప్తాను, వీడియో చూపిస్తాను.”

“చూపిస్తే? ఇరవై ఆరు మంది చూశారు. అందులో ఎవరు అట్లా కడిగారో, ఎవరు కడగలేదో నీకెట్లా తెలుసు? ఆ పిల్లకే తెలుసు. పిల్లేమో కాదంటోంది. ఎందుకు కాదంటోంది? తిడతారనా?”

“తెలీదు. వెళ్ళి అడుగుతాను.”

“సంతకం పెట్టి వెళ్ళు.”

“వచ్చాక మేడమ్.”

“వచ్చేసరికి పన్నెండు దాటిపోతుంది.”

“దాటనివ్వండి.”

“ఆ మాట అనడానికి నీకెంత సుళువుగా ఉందో చూడు. మొదట్లో లెన్స్ పెట్టెలు భుజాన మోసుకొచ్చి పెట్టాను ఇక్కడ. బీరువా లేకపోతే మా ఇంటి బీరువా తెచ్చాను. సంతకం పెట్టమని అడగడానికి నాకు నోరుంది గానీ, అడిగే మొహం లేదు. నేనూ చూశానుగా ఆ ముక్క. ‘మాట ఎందుకు, తీసేయ్, చేతులు చాలు’ అన్నది నేనేగా.”

“మీరనకపోయినా తీసేసేదాన్ని. తప్పు ఫైలు పంపింది నేను.”

“పంచుకోవడానికి ఇవేమన్నా అప్పచ్చులా? వెళ్ళు. బస్సుకోసం నించోకు, నా స్కూటరు తీసుకో. తాళంచెవి ఆ కోటు జేబులో ఉంది. బ్రేకు కొంచెం వదులు, చూసుకుని వెళ్ళు.”

“మేడమ్...”

“వెళ్ళవే తల్లీ, నిలబడకు ఇక్కడ.”

ఆస్పత్రి రెండో అంతస్తు, కళ్ళ వార్డు. మూల గదిలో ఒకటే మంచం. కిటికీకి దుప్పటి కట్టి ఉంది.

“ఎవరది? అక్కా, నువ్వేనా?”

“నేనే. మీ మేడమ్‌ని.”

“మేడమా? అయ్యో, మళ్ళీ ఎందుకొచ్చారు? తలుపు వేసేయండి మేడమ్, వెలుతురు సూదిలా గుచ్చుతోంది.”

“వేశాను. లేవకు, పడుకో. మీ అక్కేది?”

“కింద మందులకి లైన్లో నిలబడింది. కుర్చీ ఎడమవైపు ఉంటుంది చూడండి. కాలికి తగులుతుంది.”

“కూర్చున్నాను. నొప్పెలా ఉంది?”

“పర్లేదు.”

“పర్లేదంటే?”

“పర్లేదంటే పర్లేదు మేడమ్. పళ్ళు బిగించుకుంటే తెలీదు. ఇక్కడి నర్సమ్మ చుక్కలు వేయడం చూడాలి మీరు, సగం చెంపకే వేస్తుంది. మన క్లాసులో అయితే సున్నా మార్కులు.”

“టపటపా, ఒకటి అడుగుతాను.”

“మీకెప్పుడు ప్రయాణం? టికెట్టు వచ్చిందా? అక్కడ బాగా చలిగా ఉంటుందట, మా క్లాసువాళ్ళు చెప్పుకుంటున్నారు. స్వెట్టరు ఉందా మీకు?”

“డాక్టరు నిన్నేం అడిగారు?”

“ఏవేవో అడిగారు.”

“నీళ్ళ గురించి?”

“అడిగారు. తగల్లేదన్నాను.”

“నిజంగా తగల్లేదా?”

“తగల్లేదు.”

“డబ్బీ ఎట్లా కడిగేదానివి?”

“లెన్స్ సొల్యూషన్‌తో. మీరు చెప్పినట్టే.”

“నేను చెప్పినట్టా, చూపించినట్టా?”

“రెండూ ఒకటే కదా మేడమ్.”

“కాదమ్మా. ఒకటి కాదు. మీకు పంపిన వీడియోలో తప్పుంది. డబ్బీని కుళాయి కింద కడిగిన ముక్క, అది చేయకూడదని చూపించడానికి తీసింది. కింద ఎర్రక్షరాలతో రాసి ఉండాలి. రాయకముందు ఫైలు మీకు పంపేశాను. తప్పు నాది. పూర్తిగా నాది. నువ్వు అది చూసి కడిగి ఉంటే నీ మీద ఎవరూ ఒక్క మాట అనరు. ఎవరన్నా అంటే నేనున్నాను. చెప్పు. కడిగావా?”

“కిటికీ దుప్పటి జారినట్టుంది మేడమ్, చూడండి.”

“టపటపా.”

“చుక్కల టైమయిందేమో మేడమ్. నర్సమ్మని పిలవండి.”

“ఇంకా అరగంట ఉంది, గోడ మీద రాసి ఉంది. చెప్పు.”

“నాకు తెలుసు మేడమ్.”

“ఏం తెలుసు?”

“అది తప్పు ముక్క అని. డాక్టరు మొదటిసారి అడిగారు చూడండి, కుళాయి నీళ్ళు తగిలాయా అని, అప్పుడే అర్థమైంది. ఫోన్లోంచి వీడియో తీసేశాను ఆ పూటే.”

“అంటే కడిగావు.”

“రోజూ కడిగాను. పొద్దునోసారి, సాయంత్రమోసారి. పుస్తకంలో నీళ్ళు వద్దని ఉంది. వీడియోలో మీరేమో కడుగుతున్నారు. పుస్తకాన్ని నమ్మాలా, మిమ్మల్ని నమ్మాలా? ఇది కొత్త పద్ధతేమో, పుస్తకం పాతదేమో అనుకున్నాను.”

“నన్ను అడగొచ్చు కదమ్మా.”

“అడగడానికేముంది? మీ చేతులే కదా అవి.”

“మరి డాక్టరుకి ఎందుకు చెప్పలేదు? అప్పటికి తెలిసింది కదా నీకు.”

“చెప్తే ఎక్కడ చూశావంటారు. వీడియో చూపించమంటారు. మీ ప్రయాణం పోతుంది.”

“నా ప్రయాణమా?”

“ల్యాబు కూడా. పెద్ద మేడమ్ క్లాసులో చెప్పారు కదా, ఈ బహుమతి వస్తేనే ఈ గది నిలుస్తుంది, అందరూ గట్టిగా కోరుకోండి అని. నేను రోజూ కోరుకున్నాను. వచ్చింది కూడా. వచ్చాక నా నోటితో నేను పోగొట్టనా?”

“నీ కన్ను పోతోందే, పిచ్చిదానా.”

“రెండోది ఉంది కదా.”

“అట్లా అనకు.”

“మీ కంట్లో నేను ఎన్నిసార్లు గోరు గుచ్చానో గుర్తుందా? రెప్ప పట్టుకోవడం చేతకాక. అందరూ మూడోసారికే పెట్టేశారు, నాకు పంతొమ్మిదిసార్లు పట్టింది. మీ కన్ను మిరపపండులా అయ్యింది. చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. ఒక్కసారన్నా అబ్బా అనలేదు మీరు. ‘మళ్ళీ పెట్టు, నా కన్ను ఎక్కడికీ పోదు’ అన్నారు. మా ఇంట్లో నేను గ్లాసు పగలగొడితే ఏడాదిపాటు అంటారు మేడమ్. మీరు ఒక్క మాట అనలేదు.”

“అది నా పని. జీతం తీసుకుని చేసే పని.”

“ఇది నా పని అనుకోండి.”

“కాదు. ఇది నీ పని కాదు. ఇటు చూడు... వద్దులే, చూడకు. విను. నీ కంటికి కావలసిన మందు వేరే. ఇప్పుడు వేస్తున్నది దీనికి పనిచేయదు. నువ్వు ఒక్క మాట చెప్తే ఈ గంటలోనే సరైనది మొదలుపెడతారు. ఇంకో ఐదు రోజులు ఆగితే ఆ మచ్చ నల్లగుడ్డు మధ్యకొస్తుంది. వచ్చాక ఏ లెన్సూ పనికిరాదు, నేనూ పనికిరాను. నువ్వు లెన్స్ టీచరు అవుతానన్నావు మొదటి రోజు. ఒంటి కన్నుతో లోతు తెలీదు. ఎదుటివాళ్ళ కంట్లో వేలెట్లా పెడతావు?”

“మీరు ముందు వెళ్ళిరండి. ఎన్ని రోజులు, వారమే కదా? వచ్చాక చెప్తాను.”

“నేను వెళ్ళడం లేదు.”

“ఏంటీ?”

“సంతకం పెట్టలేదు. పన్నెండింటికి గడువు. ఇప్పుడు పదకొండూ ముప్పావు. అయిపోయింది.”

“ఎందుకు పెట్టలేదు? ఎవరు చెప్పారు మీకు? నేను చెప్పలేదే. బయట ఎవ్వరికీ చెప్పలేదే నేను.”

“ఎవరూ చెప్పలేదు. నేనే చూశాను వీడియో.”

“ఇంకా పావుగంట ఉంది. ఫోన్ చేయండి. పెద్ద మేడమ్‌కి చేసి పెట్టేయమనండి మీ బదులు. ఫోన్ చేయండి మేడమ్.”

“చేయను.”

“మరి నేనెందుకు ఓర్చుకున్నట్టు? చెప్పండి. తొమ్మిది రోజులు. దిండు కొరుక్కుని పడుకున్నాను. మా అక్క కాళ్ళు పట్టుకుని అడిగింది, ఏం చేశావే కంటికి, నిజం చెప్పవే అని. దానికీ చెప్పలేదు. ఇప్పుడు మీరొచ్చి వెళ్ళనంటే, ఇదంతా దేనికోసం నేను పడ్డట్టు?”

“ఏడవకమ్మా. ఏడిస్తే ఇంకా మండుతుంది.”

“మండనివ్వండి.”

“దూది... ఇదిగో. ఒత్తకు, చెంప మీదే తుడువు. నేను చెప్పేది విను. నువ్వు చెప్పినా చెప్పకపోయినా ఆ ప్రయాణం లేదు. ల్యాబు ఉంటుందో పోతుందో నాకు తెలీదు. ఆ రెండూ నువ్వు మోయాల్సినవి కావు. పోయేవి పోనీ. పోకుండా పట్టుకోగలిగింది ఇప్పుడు నీ కన్నొక్కటే.”

“వెళ్తానని చెప్పండి. అప్పుడు చెప్తాను డాక్టరుకి.”

“బేరమా?”

“బేరమే.”

“వెళ్తాను.”

“అబద్ధం.”

“అబద్ధమే. నీ మందు మొదలయ్యాక తిట్టు, ఎంతసేపన్నా తిట్టు. నర్సమ్మా. నర్సమ్మా, డాక్టరుగారిని ఒక్కసారి రమ్మనండి. తొందరగా. నీళ్ళ సంగతి అని చెప్పండి, ఆయనకి అర్థమవుతుంది.”

“ఆయనొచ్చాక నేను కాదంటే?”

“అను. నీ పక్కనే నిలబడి ఆ వీడియో చూపిస్తాను. నా చేతులు చూపిస్తాను. ఆయన నిన్ను నమ్ముతారో నన్ను నమ్ముతారో చూద్దాం.”

“నన్ను ఓడించేస్తారా మేడమ్?”

“ఓడిస్తాను. ఈ ఒక్కదాంట్లో ఓడిపో. నీకు దండం పెడతాను.”

“దండమేంటి మేడమ్. చెయ్యి దించండి. దించారా? నాకు కనబడదు.”

“దించాను.”

“మీ చెయ్యి ఇట్లా ఇవ్వండి... చల్లగా ఉందేంటి ఇంత? చెప్తాను. నేనే చెప్తాను, మీరు వీడియో తీయకండి. రోజూ కడిగానని చెప్తాను. ఎక్కడ చూశావంటే?”

“మా మేడమ్ పంపిన వీడియోలో అని చెప్పు.”

“అట్లాగే అనాలా?”

“అట్లాగే అను. ఒక్క మాట కూడా తగ్గించకు.”

“నిజంగానే వెళ్ళరు కదా మీరింక? గడువు అయిపోయింది కదా? మళ్ళీ మొదటికొచ్చేది ఏమీ లేదు కదా?”

“ఏమీ లేదు. ఎందుకట్లా గుచ్చిగుచ్చి అడుగుతున్నావు?”

“అయితే డాక్టరుగారు వచ్చేలోపు హాస్టల్‌కి ఫోన్ చేయండి మేడమ్. నా గదిలో వాళ్ళిద్దరినీ కూడా తీసుకురమ్మనండి. వాళ్ళకీ ఎర్రబడి నాలుగు రోజులైంది, మీరు విమానం ఎక్కేదాకా ఎట్లాగో ఓర్చుకుందామనుకున్నాం ముగ్గురం.”